పెరటి కోడి గుడ్డు – అపోహలు, నిజాలు

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మనవాళ్ళ సామెత. పెరట్లో తిరిగే కోడి విషయంలో మాత్రం ఈ సామెత తలకిందులవుతుంది. నాటుకోడి గుడ్డు అంటే చాలామంది దృష్టిలో అది ఆహారం కాదు, మందు. నీరసానికి నాటుగుడ్డు, గొంతు బొంగురుపోతే నాటుగుడ్డు, జ్వరం తగ్గి లేచినవారికి నాటుగుడ్డు. అదీ ఉడకబెట్టకుండా, పచ్చిగా పాలలో కొట్టి తాగాలి! అదే గుడ్డు గర్భిణికి వేడి చేస్తుందట. బాలింతకు పడదట. ఆపరేషన్ అయినవారికి చీము పట్టిస్తుందట. ఏడాది పిల్లకు మాంద్యం చేస్తుందట.

ఈ నమ్మకాల వల్ల జరిగే నష్టం రెండు విధాలు. ఒకటి, గుడ్డు తప్పకుండా తినవలసినవారు తినకుండా పోవడం. రెండు, తినేవారు తినకూడని పద్ధతిలో తినడం. మొదటిదాని వల్ల రక్తహీనత, పిల్లల్లో ఎదుగుదల లోపం. రెండోదాని వల్ల వాంతులు, విరేచనాలు, ఒక్కొక్కప్పుడు ప్రాణం మీదికి రావడం. రెండూ మా ఆస్పత్రి గుమ్మం దగ్గర తరచు కనిపించేవే. కాబట్టి ఈ వారం పెరటి కోడి గురించీ దాని గుడ్డు గురించీ ఇళ్ళల్లో వినిపించే మాటలను ఒక్కొక్కటే పరిశీలిద్దాం.

గుడ్డులో ఏముంది?

ముందుగా అసలు సంగతి. పెంకు తీసిన 50 గ్రాముల గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు, 5 గ్రాముల కొవ్వు ఉంటాయి. దాదాపు 70 కాలరీల శక్తి వస్తుంది. విటమిన్ ఎ, విటమిన్ డి, బి12 వంటి బి విటమినులు, కోలిన్ అనే పదార్థం లభిస్తాయి. మన శరీరం తయారు చేసుకోలేని అత్యవసర అమినో ఆమ్లాలన్నీ గుడ్డు మాంసకృత్తులలో ఉన్నాయి. గుడ్డులో లేనివి విటమిన్ సి, పీచుపదార్థం. ఇనుము కొద్దిగా ఉంది గాని, అది మన ఒంటికి అంతగా పట్టదు. అందువల్ల గుడ్డుతోపాటు నిమ్మకాయ పిండిన ఆకుకూరో, ఒక జామపండో తింటే లోటు భర్తీ అవుతుంది. గుడ్డు మంచి ఆహారమే, కాని అదొక్కటే సంపూర్ణాహారం కాదు.

1. నాటుగుడ్డులో బలం ఎక్కువ, ఫారం గుడ్డులో ఏమీ లేదు

ఇది అన్నిటికన్నా బలంగా నాటుకుపోయిన అపోహ. నాటుకోడి గుడ్డు సాధారణంగా 40 గ్రాముల లోపు తూగుతుంది. ఫారం గుడ్డు 50 నుంచి 60 గ్రాములుంటుంది. గ్రాముకు గ్రాము చూస్తే మాంసకృత్తులు రెండింటిలోనూ దాదాపు సమానమే. గుడ్డుకు గుడ్డు చూస్తే పెద్దది కాబట్టి ఫారం గుడ్డులోనే ఎక్కువ.

అయితే నాటుగుడ్డులో గొప్పతనం బొత్తిగా లేదనడం కూడా న్యాయం కాదు. ఎండలో తిరిగి, గడ్డీ ఆకులూ పురుగులూ ఏరుకుని తినే కోడి గుడ్డులో విటమిన్ డి, విటమిన్ ఇ, కొన్ని మంచి కొవ్వులు కొంత ఎక్కువగా ఉన్నట్లు పరిశోధనలు తెలియజేస్తున్నాయి. ఆ మేలు కోడి తిన్న తిండిది, అది తిరిగిన ఎండది. గంప కింద మూసిపెట్టి వట్టి నూకలు మాత్రమే వేస్తే నాటుకోడి గుడ్డుకూ ఆ మేలు ఉండదు.

ఇక్కడ ఒక ఇంటిలెక్క చెప్పాలి. చాలా ఊళ్ళలో నాటుగుడ్డు ధర ఫారం గుడ్డు ధరకు రెట్టింపో, అంతకన్నా ఎక్కువో ఉంటుంది. ఆ ఖరీదు పెట్టలేక ఇంట్లో ఒక్కరికే, సాధారణంగా సంపాదించే మగవాడికో, చదువుకునే మగపిల్లవాడికో గుడ్డు దొరుకుతుంది. తల్లికీ ఆడపిల్లకూ దొరకదు. అదే డబ్బుతో రెండు ఫారం గుడ్లు కొంటే ఇద్దరికి అందుతాయి. పెరట్లో కోళ్ళున్నవారు కూడా గుడ్డును మంచి ధరకు అమ్ముకుంటే అమ్ముకోండి, తప్పులేదు. కాని ఆ డబ్బుతో పిల్లలకు ఫారం గుడ్లయినా కొని పెట్టండి. పెరట్లో అరడజను కోళ్ళుండగా పిల్లవాడికి వారానికి ఒక్క గుడ్డయినా నోటికి అందని ఇళ్ళు నాకు తెలుసు.

2. గోధుమరంగు పెంకు అయితే నాటుగుడ్డే. పచ్చసొన ఎర్రగా ఉంటే బలమైనది

పెంకు రంగు కోడి జాతిని బట్టి వస్తుంది. వైట్ లెగ్‌హార్న్ జాతి తెల్ల గుడ్లు పెడుతుంది. రోడ్ ఐలండ్ రెడ్ గోధుమరంగు గుడ్లు పెడుతుంది. దక్షిణ అమెరికాలోని చిలీ దేశంలో అరౌకానా అనే కోళ్ళు నీలం గుడ్లే పెడతాయి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధనా సంస్థ పెరటి పెంపకం కోసం రూపొందించిన వనరాజా కోళ్ళ గుడ్లు కూడా గోధుమరంగువే. మధ్యప్రదేశ్‌కు చెందిన కడక్‌నాథ్ కోడి మాంసం నల్లగా ఉన్నా, గుడ్డు నల్లగా ఉండదు. పెంకు రంగుకూ లోపలి పోషక విలువకూ సంబంధం లేదు. పైగా తెల్లగుడ్లకు రంగు పూసి నాటుగుడ్లని అమ్మే వ్యాపారులు కూడా ఉన్నారు. పెంకు రంగు చూసి మోసపోకండి.

పచ్చసొన రంగు కోడి తిన్న మేతను బట్టి వస్తుంది. పచ్చి ఆకులు, పసుపు మొక్కజొన్న తింటే ముదురు రంగు వస్తుంది. వట్టి నూకలు, తవుడు తింటే పాలిపోయి ఉంటుంది. మేతలో రంగు పదార్థాలు కలిపి ఫారం గుడ్డుకు కూడా ఎర్రటి సొన తెప్పించవచ్చు. కాబట్టి సొన ఎర్రదనం బలానికి గుర్తు కాదు.

3. పుంజు లేకుండా పెట్టిన గుడ్డు పనికిరాదు

పెట్ట గుడ్డు పెట్టడానికి పుంజుతో పని లేదు. పిల్ల పుట్టడానికి మాత్రమే పుంజు కావాలి. పుంజు కలిసిన గుడ్డులో పోషకాలు ఎక్కువని చెప్పడానికి ఆధారం లేదు.

పగలగొట్టిన గుడ్డులో సొనకు ఇరువైపులా తెల్లటి దారపు పోగులు కనిపిస్తాయి. వాటిని చూసి ‘పిల్ల కట్టింది’ అని పారబోసేవారున్నారు. అవి పచ్చసొనను మధ్యలో కదలకుండా పట్టి ఉంచే తాళ్ళు మాత్రమే. అలాగే ఒక్కొక్క గుడ్డులో చిన్న నెత్తురు చుక్క కనిపిస్తుంది. గుడ్డు తయారవుతున్నప్పుడు కోడి కడుపులో సన్నని రక్తనాళం చిట్లితే ఆ చుక్క పడుతుంది. దానివల్ల ప్రమాదం లేదు. ఆ చుక్కను చెంచాతో తీసేసి మిగతాది బాగా ఉడికించి తినవచ్చు. బాగా ఉడికిన గుడ్డులో సొన చుట్టూ ఆకుపచ్చని వలయం కనబడితే విషమేమోనని భయపడనక్కరలేదు. ఎక్కువసేపు ఉడికితే తెల్లసొనలోని గంధకం పచ్చసొనలోని ఇనుముతో కలిసి ఆ రంగు వస్తుంది.

4. పచ్చిగుడ్డులోనే బలం; ఉడికిస్తే బలం పోతుంది

పాఠకులు ఈ విషయం ప్రత్యేకంగా గమనించాలి. ఎందుకంటే మిగతా అపోహలు ఖర్చు పెట్టిస్తాయి. ఇది ఆస్పత్రికి పంపిస్తుంది.

పహిల్వాన్లు పచ్చిగుడ్లు మింగుతారని, పాటగాళ్ళు గొంతు కోసం తాగుతారని విని చాలామంది అనుకరిస్తారు. కొన్ని ఇళ్ళలో పెద్దమనిషి అయిన ఆడపిల్ల చేత రోజూ పచ్చిగుడ్డు తాగిస్తారు. నిజానికి జరిగేది వేరు. బెల్జియం దేశపు పరిశోధకులు 1998లో ప్రకటించిన ఒక పరిశీలనలో ఉడికిన గుడ్డు మాంసకృత్తులు సుమారు 90 శాతం జీర్ణం కాగా, పచ్చిగుడ్డువి సుమారు సగమే జీర్ణమయ్యాయి. అంటే పచ్చిగుడ్డు తాగినవాడికి దాదాపు అరగుడ్డు మాత్రమే వంటబట్టింది. అంతేకాదు, పచ్చి తెల్లసొనలో ఎవిడిన్ అనే పదార్థం ఉంది. అది బయోటిన్ అనే విటమిన్‌ను పట్టుకుని శరీరానికి అందకుండా చేస్తుంది. ఉడికిస్తే ఎవిడిన్ శక్తి తగ్గిపోతుంది.

అసలు ప్రమాదం సాల్మొనెల్లా అనే సూక్ష్మక్రిమి. ఇది కోడి పేగుల్లో ఉంటుంది. రెట్ట ద్వారా పెంకుకు అంటుకుంటుంది. ఈ జాతిలో ఒక రకం కోడి అండాశయంలోనే చేరి, పెంకు ఏర్పడకముందే గుడ్డు లోపలికి వెళ్ళగలదు. అందువల్ల పెంకు ఎంత శుభ్రంగా ఉన్నా లోపల క్రిమి లేదని చెప్పలేం. కోడి మాత్రం ఆరోగ్యంగా, చలాకీగానే తిరుగుతుంది. ‘మా కోడికి ఏ జబ్బూ లేదు డాక్టరుగారూ’ అని చెబుతారు. కోడిని చూసి క్రిమిని గుర్తుపట్టడం సాధ్యం కాదు.

కొంతకాలం క్రితం ఒక ఆరేళ్ళ పిల్లవాణ్ణి మా వార్డుకు తీసుకువచ్చారు. కళ్ళు లోపలికి పోయి, నాలుక పిడచకట్టుకుపోయి ఉంది. విపరీతమైన జ్వరం, విరేచనాలు. అంతకు నెల రోజుల ముందు టైఫాయిడ్ తగ్గి లేచాడట. బలం పుంజుకోవాలని నాయనమ్మ రోజూ తెల్లవారగానే పాలలో పచ్చి నాటుగుడ్డు కొట్టి తాగించింది. మల పరీక్షలో సాల్మొనెల్లా జాతి క్రిమి బయటపడింది. మూడు రోజులు సెలైన్ ఎక్కించాక తేరుకున్నాడు. చెప్పుకోవలసిన సంగతి ఏమిటంటే, ఆ ఇంట్లోనే మిగతా ఇద్దరు పిల్లలూ అవే కోళ్ళ గుడ్లు కూరలో తిన్నారు. వాళ్ళకు ఏమీ కాలేదు. ఆ పెద్దావిడ ప్రేమలో లోపం లేదు. లోపమల్లా పొయ్యి మీద పది నిమిషాలు పెట్టకపోవడమే.

‘మరి విదేశాల్లో సగం ఉడికిన గుడ్లు తింటున్నారు కదా!’ అని చదువుకున్నవారు అడుగుతారు. బ్రిటన్ సంగతే చూడండి. 1988లో అక్కడి ఆరోగ్యశాఖ సహాయమంత్రి ఎడ్వినా కర్రీ దేశంలో ఉత్పత్తయ్యే గుడ్లలో చాలాభాగానికి సాల్మొనెల్లా సోకిందని ప్రకటించడంతో పెద్ద గగ్గోలు పుట్టింది. గుడ్ల అమ్మకాలు పడిపోయాయి, ఆమె పదవి వదులుకోవలసి వచ్చింది. ఆ తరువాత ఫారం కోళ్ళకు టీకాలు వేయడం, గుడ్డు గుడ్డుకూ ముద్ర వేయడం వంటి కట్టుదిట్టాలు వచ్చాయి. సుమారు 30 ఏళ్ళ తరువాత, 2017లో మాత్రమే గర్భిణులు, పసిపిల్లలు, వృద్ధులు కూడా సగం ఉడికినవి తినవచ్చునని అక్కడి ఆహార సంస్థ సలహా మార్చింది. అదీ సింహం ముద్ర ఉన్న గుడ్లకే. ఆ దేశపు పెరటి కోళ్ళ గుడ్లకు ఆ సడలింపు వర్తించదు. ఇక మన పెరటి కోడి గుడ్డు సంగతి చెప్పేదేముంది!

కాబట్టి తెల్లసొన, పచ్చసొన రెండూ గట్టిపడేదాకా ఉడికించండి. నీళ్ళు మరగడం మొదలయ్యాక పది నిమిషాలు చాలు. ఆమ్లెట్ రెండువైపులా కాల్చండి. సొన కారే ‘బుల్స్ ఐ’ పిల్లలకూ, గర్భిణులకూ, ముసలివారికీ, కాన్సర్ వంటి జబ్బులకు మందులు వాడుతున్నవారికీ పెట్టవద్దు.

5. గుడ్డు వేడి చేస్తుంది, పుండుకు చీము పట్టిస్తుంది, కామెర్లకు పడదు

‘వేడి చేయడం’ అనే మాటకు వైద్యశాస్త్రంలో సరిపోయే అర్థం లేదు. మాంసకృత్తులు జీర్ణమయ్యేటప్పుడు శరీరంలో కొద్దిపాటి ఉష్ణం పుట్టేమాట నిజమే. పప్పు తిన్నా అంతే. దానివల్ల గర్భానికి గాని, కళ్ళకు గాని, మూత్రానికి గాని కీడు లేదు. ఎండాకాలం నీళ్ళు తక్కువ తాగి, మూత్రం మంట పుడితే ఆ నేరం గుడ్డు మీద వేస్తాం!

చీము సూక్ష్మక్రిముల వల్ల పడుతుంది, గుడ్డు వల్ల కాదు. కోసిన చోట కొత్త కండ పుట్టాలంటే మాంసకృత్తులు కావాలి. సిజేరియన్ అయిన తల్లికి నలభై రోజులు గుడ్డు మాన్పించి చారన్నంతో సరిపెడితే గాయం మానడం ఆలస్యమవుతుంది, ఆమె నీరసిస్తుంది. ఆ సమయంలో బిడ్డకు పాలిచ్చేది కూడా ఆమే. అందువల్ల డాక్టరు ఘనాహారం తినమన్న రోజునుంచే ఉడికిన గుడ్డు పెట్టవచ్చు.

కామెర్లలో కూడా అంతే. కళ్ళ పసుపుకూ పచ్చసొన పసుపుకూ సంబంధం లేదు. వాంతులు, వికారం ఉన్నప్పుడు తినాలనిపించదు, అప్పుడు బలవంతం చేయనక్కరలేదు. ఆకలి పుట్టాక, మీ డాక్టరు వద్దని ప్రత్యేకంగా చెప్పకపోతే, గుడ్డు తినవచ్చు. నెలల తరబడి ఉప్పూ పప్పూ లేని పథ్యం రోగిని చిక్కిపోయేటట్టు చేస్తుంది తప్ప లివర్‌కు మేలు చేయదు.

6. ఏడాది నిండనిదే పిల్లలకు గుడ్డు పెట్టకూడదు

ఆరు నెలలు నిండాక తల్లిపాలతోపాటు మెత్తని ఆహారం మొదలుపెట్టాలి. ఆ ఆహారంలో గుడ్డు, చేప, మాంసం వంటివి రోజూ ఏదో ఒకటి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇవి ఆరు నెలలనుంచి రెండేళ్ళలోపు పిల్లలకు వర్తిస్తాయి. గుడ్డును ఆలస్యం చేస్తే ఎలర్జీ తప్పుతుందన్న పాత అభిప్రాయాన్ని ఇప్పటి పరిశోధనలు సమర్థించడం లేదు. మాంద్యం చేసేది గుడ్డు కాదు, పచ్చిగుడ్డు, కడగని చేతులు, మూతపెట్టని పాలసీసా.

కొద్దిమంది పిల్లలకు గుడ్డు నిజంగానే పడదు. తిన్న కొద్దిసేపటికే దద్దుర్లు, పెదవుల వాపు, వాంతి వస్తే గుడ్డు ఆపి డాక్టరుకు చూపించాలి. ఊపిరి ఆడకపోతే క్షణం ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకువెళ్ళాలి.

7. కోళ్ళ నుంచి ఆటలమ్మ వస్తుంది

ఇంగ్లీషులో ఈ జబ్బుకు ‘చికెన్ పాక్స్’ అని పేరు ఉండడం వల్ల పుట్టిన అపోహ ఇది. ఆటలమ్మ మనిషి నుంచి మనిషికి అంటుకునే వైరస్ జబ్బు. కోడికి ఏ పాపమూ తెలియదు. కోళ్ళకు వచ్చే మశూచి వేరు, అది మనుషులకు రాదు. టైఫాయిడ్ క్రిమి కూడా సాల్మొనెల్లా కుటుంబానిదే గాని, అది మనుషుల మలం కలిసిన నీరు, ఆహారం ద్వారా వస్తుంది, కోడి ద్వారా రాదు.

కొక్కెర తెగులు కోళ్ళను గుంపులు గుంపులుగా చంపుతుంది. మనుషులకు మాత్రం అరుదుగా కళ్ళు ఎర్రబడడం, నీరుకారడం తప్ప సాధారణంగా పెద్ద బాధ కలిగించదు.

బర్డ్ ఫ్లూ మాత్రం తేలిగ్గా తీసుకోదగినది కాదు. మన దేశంలో ఇది కోళ్ళలో మొదట 2006లో మహారాష్ట్రలోని నవాపూర్ దగ్గర కనబడింది. 2025 ఆరంభంలో గోదావరి జిల్లాల్లో కోళ్ళకు సోకింది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో ఒక చిన్నపాప ఈ జబ్బుతో మరణించింది. పాప పచ్చి కోడిమాంసం ముక్క తిన్నదని వార్తలు వచ్చాయి. బాగా ఉడికిన మాంసం, గుడ్డు వల్ల ఈ జబ్బు రాదు. 70 డిగ్రీల వేడికి వైరస్ చచ్చిపోతుంది. భయపడవలసింది ఉడికిన కూరకు కాదు. జబ్బుకోడిని చేతులతో పట్టుకోవడానికి, కోయడానికి, కోస్తున్న చోట పిల్లల్ని కూర్చోబెట్టడానికి.

8. పెరటి కోడికి మందులుండవు, విషముండదు

ఫారం కోళ్ళకు గుడ్ల కోసం హార్మోను ఇంజక్షన్లు వేస్తారన్నది వట్టి పుకారు. మేలుజాతి, మంచి మేత, వెలుతురు వల్లనే అవి ఏడాదికి 300 గుడ్ల దాకా పెడుతున్నాయి. యాంటీబయాటిక్ మందుల దుర్వినియోగం మాత్రం నిజమైన సమస్యే. కొలిస్టిన్ అనే మందును కోళ్ళు మొదలైన ఆహార జంతువులకు వాడకుండా మన ప్రభుత్వం 2019లో నిషేధించింది. అయితే పెరటి కోడి తూగుతుంటే, మనుషులకని తెచ్చిన టెట్రాసైక్లిన్ గొట్టాన్ని విప్పి అన్నంలో కలిపి పెట్టే ఇళ్ళు లేవా? ఆ మందు గుడ్డులోకి వస్తుంది. పశువైద్యుణ్ణి అడగకుండా కోడికి మందు వేయవద్దు. వేస్తే, ఆయన చెప్పినన్ని రోజులు ఆ గుడ్లు తినవద్దు.

పట్టణాల్లో పెరటి కోళ్ళు పెంచేవారికి మరో హెచ్చరిక. ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో 2022లో పెరటి కోళ్ళ గుడ్లను పరీక్షిస్తే, దుకాణంలో అమ్మే గుడ్లకంటే సగటున 40 రెట్లు ఎక్కువ సీసం కనబడింది. పాత రంగుల పెచ్చులు, పొగ, చెత్త కలిసిన మట్టిలో గీరి తినడమే కారణం. పాత బ్యాటరీలు విప్పే చోట్ల, చెత్త తగలబెట్టే చోట్ల, రంగులు రాలే పాత గోడల పక్కన కోళ్ళను వదలకండి. సీసం పిల్లల మెదడుకు హాని చేస్తుంది. ఉడికించినా పోదు.

పెరట్లో కోళ్ళున్నవారు పాటించవలసినవి

కోళ్ళను రాత్రి మనుషులు పడుకునే గదిలో, మంచం కింద గంపలో మూయకండి. ఇథియోపియా పల్లెల్లో చేసిన ఒక పరిశీలనలో కోళ్ళున్న ఇళ్ళ పిల్లల ఎదుగుదల మెరుగ్గా ఉన్నట్టు తేలింది. కాని కోళ్ళను రాత్రిపూట ఇంట్లోనే ఉంచే కుటుంబాల్లో ఆ లాభం కనిపించలేదు. పాకే పిల్లవాడు రెట్ట పడిన నేలమీద చేతులు పెట్టి అవే నోట్లో పెట్టుకుంటాడు. గుడ్డు ఇచ్చిన బలాన్ని రెట్ట తీసుకుపోతుంది. పెరట్లో విడిగా చిన్న గూడు కట్టించండి.

గుడ్లను రోజూ ఏరండి. మట్టి అంటితే పొడిగుడ్డతో తుడవండి. ఏరగానే నీళ్ళలో నానబెట్టి కడగవద్దు. పెంకుకు కంటికి కనబడని వేల రంధ్రాలుంటాయి. వాటిని కాపాడే సన్నని పొర కడిగితే పోతుంది, చన్నీటితోపాటు మురికి లోపలికి దిగుతుంది. కడగాలనుకుంటే వండబోయే ముందు కడగండి. పగిలిన గుడ్డు తినవద్దు.

నీళ్ళలో వేసినప్పుడు తేలిన గుడ్డు పాతది. పాతబడిన కొద్దీ లోపల గాలిబుడగ పెరగడమే కారణం. మునిగినది తాజాది కావచ్చు గాని, అందులో క్రిములు లేవని ఆ పరీక్ష చెప్పదు. ఫ్రిజ్‌లో పెట్టినవి ఫ్రిజ్‌లోనే ఉంచండి. ఫ్రిజ్ లేనివారు నీడపట్టున ఉంచి, వేసవిలో వారం దాటకుండా వాడుకోండి. గుడ్డును, కోడిని ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవడం పిల్లలకు నేర్పండి. కోడిపిల్లను ముద్దుపెట్టుకోనివ్వకండి.

పాఠకుల ప్రశ్నలు

పాఠకురాలు, తెనాలి: నాకు నాలుగో నెల. మా అత్తగారు రోజూ పచ్చి నాటుగుడ్డు మింగమంటున్నారు. నాకు వికారంగా ఉంటోంది. కాదంటే బాధపడతారు. ఏం చేయాలి?

జవాబు: మీ అత్తగారి మాటలో సగం చాలా మంచిది. గర్భిణికి రోజూ గుడ్డు అవసరమే. ఆ సగం పాటించి, గుడ్డు ఉడికించి తినండి. ఉదయం వికారంగా ఉంటే మధ్యాహ్నం అన్నంతో తినండి. గర్భిణికి విపరీతమైన విరేచనాలు, జ్వరం వస్తే తల్లికీ బిడ్డకూ ప్రమాదమని ఆమెకు నెమ్మదిగా చెప్పండి. ఈ పేజీ చదివి వినిపించినా సరే. గుడ్డు తింటున్నాను కదా అని ఆస్పత్రిలో ఇచ్చిన ఐరన్ మాత్రలు మాత్రం మానవద్దు.

పాఠకుడు, కరీంనగర్: వయసు 58. మధుమేహం ఉంది. నాటుగుడ్డులో కొలెస్టరాల్ ఉండదని, ఎన్నయినా తినవచ్చని మిత్రులు అంటున్నారు. నిజమేనా?

జవాబు: నిజం కాదు. ఏ కోడి గుడ్డయినా పచ్చసొనలో కొలెస్టరాల్ ఉంటుంది. ఒక పెద్ద గుడ్డులో దాదాపు 200 మిల్లీగ్రాములు. అయితే తిండిలోని కొలెస్టరాల్ గురించి పూర్వం ఉన్నంత భయం ఇప్పుడు లేదు. ఆరోగ్యవంతులు రోజుకొక గుడ్డు తినవచ్చు. మీకు మధుమేహం ఉంది కాబట్టి రక్తపరీక్ష చేయించుకుని, ఎన్ని తినవచ్చో మీ డాక్టరును అడగండి. గుడ్డుకంటే దాన్ని వేయించిన నూనె గురించి, పక్కన తినే పరోటా గురించి ఎక్కువ ఆలోచించండి.

గృహిణి, అనంతపురం: మా పెరట్లో రెండు రోజుల్లో మూడు కోళ్ళు చనిపోయాయి. మిగిలినవి చచ్చేలోగా కోసుకుంటే నష్టం లేదని పక్కింటివారి సలహా. పాటించవచ్చా?

జవాబు: వద్దు. జబ్బుపడిన కోడిని కోసేవారికే ప్రమాదం ఎక్కువ. చనిపోయినవాటిని వట్టిచేతులతో ముట్టుకోకండి, కాలువలో పారేయకండి. దగ్గరలోని పశువైద్యశాలలో వెంటనే చెప్పండి. వారు చెప్పిన ప్రకారం లోతైన గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి. ఆ ఇంట్లో ఎవరికైనా పదిరోజుల లోపల జ్వరం, దగ్గు, ఆయాసం వస్తే కోళ్ళు చనిపోయిన సంగతి డాక్టరుకు ముందుగా చెప్పండి. ఆ ఒక్క మాట వైద్యానికి చాలా సహాయపడుతుంది.

పాఠకురాలు, ఖమ్మం: మేం శాకాహారులం. పుంజు కలవని గుడ్డు శాకాహారమేనని, పాపకు పెట్టమని చెబుతున్నారు. పెట్టకపోతే పాప ఎదగదా?

జవాబు: పుంజు కలవని గుడ్డులో పిల్ల పుట్టదన్నది నిజం. దాన్ని శాకాహారమని పిలవాలా వద్దా అన్నది మీ ఇంటి ఆచారానికి సంబంధించిన విషయం, వైద్యుడు తేల్చేది కాదు. పాలు, పెరుగు, పప్పు అన్నం, నెయ్యి, వేరుశనగ పొడి, ఆకుకూరలు, పండ్లు శ్రద్ధగా పెడితే గుడ్డు లేకుండానూ పిల్లలు ఎదుగుతారు. నెలనెలా పాప బరువు చూపించండి. బరువు పెరగకపోయినా, పాప పాలిపోయినట్టున్నా డాక్టరును కలవండి.

చివరగా ఒక మాట. మీ పెరటి కోడి మంచిదే, దాని గుడ్డూ మంచిదే. దాన్ని మందుగా చూడకండి, విషంగానూ చూడకండి. పది నిమిషాలు ఉడకనిచ్చి, ఇంట్లో అందరికన్నా ముందు గర్భిణికీ, బాలింతకూ, ఎదిగే పిల్లలకూ పెట్టండి. అందులో ఆడపిల్లను మరవకండి.